బిడ్డ గుండె లెక్క పెట్టేదెవరు?

పులివెందుల మెడికల్ కాలేజీ మీద మొదలైన రగడ ఇంకా చల్లారలేదు. 2024లో జాతీయ వైద్య కమిషన్ ఆ కాలేజీకి 50 ఎంబీబీఎస్ సీట్లు ఇస్తే, రాష్ట్ర ప్రభుత్వం మాకొద్దని తిప్పి రాసింది. 2025 సెప్టెంబరులో పది కొత్త కాలేజీలను పీపీపీ పద్ధతిలో నడపాలని మంత్రివర్గం నిర్ణయించింది. పులివెందుల ఆ పదిలో ఒకటి. దాన్ని ఇప్పుడు వ్యతిరేకిస్తున్న పార్టీ కూడా తక్కువ తినలేదు. తాను అధికారంలో ఉన్న 2023లో 107, 108 జీవోలు తెచ్చి కొత్త కాలేజీల్లో సగం సీట్లను సెల్ఫ్ ఫైనాన్స్, ఎన్నారై కోటాలకు రాసిచ్చింది. కూలి చేసుకునే ఇంటి పిల్లలకు ఆ సగంలో చోటు లేదు. ఇద్దరి సంగతీ మనకు తెలుసు.

ఆ చర్చలోకి మేము ఇంకో దారిన వస్తున్నాం. కాలేజీ ఎవరిది అన్నదాని కంటే ముందు అడగాల్సిన చిన్న ప్రశ్న ఒకటుంది. దువ్వూరు మండలంలో ఏదో ఒక మాదిగ కూలీ ఇంట్లో ఎనిమిది నెలల బిడ్డ గుండె నిమిషానికి 240 సార్లు కొట్టుకుంటోందనుకుందాం. ఆ సంగతి మొదట పసిగట్టేదెవరు? ఎక్కడ? ఎన్ని గంటల తర్వాత?

ఈ జబ్బునే ఎందుకు తీసుకున్నామంటే, ఇది చాలా వరకు నయమయ్యేది. సమయానికి ఒక ఈసీజీ పట్టీ, దాన్ని చదివే మనిషి, ఒక చిన్న ఇంజెక్షన్ దొరికితే బిడ్డ నిమిషాల్లో తేరుకుంటుంది. దొరక్కపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఊరికి దగ్గరలోని ఆసుపత్రి ఎలా ఉందో చెప్పడానికి ఇంతకంటే మంచి పరీక్ష మాకు కనిపించలేదు.

దొంగ తూము

పసిపిల్లల గుండె పెద్దల గుండె కంటే వేగంగానే కొట్టుకుంటుంది. చంటిబిడ్డకు నిమిషానికి 120, 140 మామూలు. గుక్కపట్టి ఏడిస్తే 180 కూడా అవుతుంది. జ్వరం వస్తే ఇంకా పెరుగుతుంది. జ్వరం తగ్గినా, నిద్ర పట్టినా మళ్లీ దిగుతుంది. అది జబ్బు కాదు. మేము చెప్పే వేగం వేరు. ఏడాది లోపు బిడ్డకు 220 దాటుతుంది, అంతకంటే పెద్ద పిల్లలకు 180 దాటుతుంది. స్విచ్చి వేసినట్టు ఒక్కసారిగా మొదలవుతుంది. ఏడ్చినా, నిద్రపోయినా అదే అంకె మీద నిలబడుతుంది. ఆగితే మళ్లీ ఒక్కసారిగా ఆగుతుంది. దీన్ని డాక్టర్లు సుప్రావెంట్రిక్యులర్ టాకీకార్డియా అంటారు. పొట్టిగా ఎస్‌వీటీ. పిల్లల్లో కనిపించే అసాధారణ గుండె వేగాల్లో ఎక్కువ భాగం ఇదే. 250 మందిలో ఒకరికి వస్తుందని కొన్ని అంచనాలు, 1,000 మందిలో ఒకరికని కొన్ని. తక్కువదే తీసుకున్నా, పది వేల మంది పిల్లలున్న చోట పది మంది.

కేసీ కాలువ కింద సేద్యం చూసినవాళ్లకు దీన్ని చెప్పడం తేలిక. గుండె పై గదుల నుంచి కింది గదులకు కరెంటు దిగడానికి అసలు తూము ఒక్కటే ఉంటుంది. కొంతమంది పిల్లలకు పుట్టుకతోనే పక్కన ఇంకో దొంగ తూము ఉంటుంది. అసలు తూములో దిగిన కరెంటు దొంగ తూము గుండా పైకెక్కి మళ్లీ అసలు తూములో పడుతుంది. అలా సుడి తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ గుండె ఒకసారి కొట్టుకుంటుంది. ఇలాంటి రోగుల ఈసీజీలను 1930లో వోల్ఫ్, పార్కిన్సన్, వైట్ అనే ముగ్గురు డాక్టర్లు వర్ణించారు. వాళ్ల పేర్ల మీదే ఇందులో ఒక రకాన్ని డబ్ల్యూపీడబ్ల్యూ అంటున్నారు. గుండెకు రంధ్రం లేకపోయినా, కవాటాలు బాగున్నా ఇది రావచ్చు. అందుకే ఎకో తీసి 'గుండె బాగుంది' అంటే సరిపోదు. ఎకో గోడలను చూపిస్తుంది, కరెంటు దారిని చూపించదు.

అంత వేగంగా కొట్టుకునే గుండెకు నిండే తీరిక ఉండదు. నిండని గుండె ఏం పంపుతుంది? బిడ్డ కొన్ని గంటలు ఓర్చుకుంటుంది. ఒక రోజు దాటాక గుండె అలసిపోవడం మొదలవుతుంది. రెండు రోజులు ఎవరూ పట్టించుకోకపోతే దాదాపు సగం మంది పసికందుల్లో గుండె వైఫల్యం కనిపిస్తుంది. మాటలు రాని బిడ్డ గుండె దడ అని చెప్పలేదు. రెండు గుక్కలు తాగి రొమ్ము వదిలేస్తుంది. నుదుటి మీద చెమట పడుతుంది, ముఖం పాలిపోతుంది, కక్కుతుంది, ఎగపోసుకుంటుంది, డొక్కలెగరేస్తుంది. చివరికి ఏడ్చే ఓపిక కూడా ఉండదు.

ఊపిరి లెక్క ఉంది, గుండె లెక్క లేదు

ఈ లక్షణాలున్న బిడ్డను చూసి ఊళ్లో అనే మాట 'నిమ్ము చేసింది' అని. లేదా దిష్టి తగిలిందని అంత్రం కట్టిస్తారు. ఇక్కడ చాలామంది చదువుకున్నవాళ్లు తల్లుల మూఢనమ్మకం మీద ఉపన్యాసం మొదలుపెడతారు. మేము ముందుగా ప్రభుత్వం ఇచ్చిన శిక్షణ పుస్తకాన్ని చూడమంటాం. ఆశా కార్యకర్తకూ అంగన్‌వాడీ టీచరుకూ నేర్పింది ఊపిరి లెక్కపెట్టడం. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40 శ్వాసలకు చేరితే వేగం కింద లెక్క. ఈ సూత్రం దేశంలో ఎంతోమంది పిల్లలను న్యుమోనియా నుంచి కాపాడింది, దానిమీద మాకు పేచీ లేదు. అయితే గుండె అలసిన బిడ్డ కూడా వేగంగానే ఊపిరి తీస్తుంది. సూత్రం ప్రకారం ఆ బిడ్డ కూడా న్యుమోనియా గడిలోనే పడుతుంది. యాంటీబయాటిక్ సిరప్ ఇచ్చి పంపిస్తారు. మరుసటి రోజు ఆర్‌ఎంపీ దగ్గర నెబ్యులైజర్ పెడతారు. అందులో వాడే సాల్బుటమాల్ గుండె వేగాన్ని పెంచే మందు. ఇలా రెండు రోజులు గడిచిపోతాయి. ఆ గొలుసులో ఎవరూ చెడ్డవాళ్లు కాకపోవచ్చు. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి గుండెను లెక్కపెట్టమని మాత్రం ఎవరికీ ఎవరూ చెప్పలేదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి రావాలి. ఆ కార్యక్రమం ఎంచుకున్న 30 సమస్యల్లో పుట్టుకతో వచ్చే గుండె లోపాలున్నాయి, రుమాటిక్ గుండె జబ్బు ఉంది. గుండె లయ జబ్బు లేదు. ఉన్నా, వచ్చి పోయే జబ్బు వాళ్లు వచ్చిన రోజే కనిపిస్తుందన్న నమ్మకం లేదు. తల్లిని అడిగితేనే తెలుస్తుంది. కథ అసలు మలుపు తిరిగేది అక్కడే.

గుండె లెక్క పెట్టాలంటే బిడ్డను ముట్టుకోవాలి. చొక్కా విప్పి ఛాతీ మీద చేయి పెట్టాలి. మోచేతికి పైన, లోపలి వైపు నాడి పట్టుకుని గడియారం చూస్తూ నిమిషం సేపు కూర్చోవాలి. దళిత పిల్లల విషయంలో ఆ నిమిషం, ఆ స్పర్శ దొరుకుతున్నాయా? సంఘమిత్ర ఆచార్య గుజరాత్, రాజస్థాన్ పల్లెల్లో దళిత పిల్లల మీద చేసిన అధ్యయనం సరిగ్గా ఇదే అడిగింది. ముట్టుకోవడంలో, మాట్లాడే సమయంలో, మందు చేతికిచ్చే తీరులో వివక్ష ఉందని తేల్చింది. 11 రాష్ట్రాల్లోని 565 గ్రామాల్లో అంటరానితనం మీద జరిగిన సర్వే 2006లో పుస్తకంగా వచ్చింది. మూడింట ఒక వంతు గ్రామాల్లో ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్లలోకి రావడం లేదని అది చెప్పింది. ఆ సర్వే చేసిన రాష్ట్రాల్లో మనదీ ఉంది. ఇరవై ఏళ్లు గడిచాయి కదా, మారలేదా అంటారు. మారింది. ఇప్పుడు 'రావద్దు' అనరు. బల్లకు అవతల నుంచే చూసి చీటీ రాస్తారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం దేశంలో ఎస్సీల్లో పుట్టిన వెయ్యి మంది పిల్లల్లో దాదాపు 49 మంది ఐదేళ్లు నిండకుండానే చనిపోతున్నారు. ఎస్సీ, ఎస్టీ, బీసీలు కాని కులాల్లో ఆ సంఖ్య సుమారు 33. ఆ తేడాలో ఎంత భాగం ఇలా లెక్కపెట్టని గుండెలదో చెప్పే కాగితం లేదు. ఈసీజీ తీయకుండా పోయిన బిడ్డ ఏ జబ్బుతో పోయిందో ఎవరు రాస్తారు?

ముట్టుకోవడం ఒక్కటే కాదు, తల్లి మాట నమ్మడం కూడా వైద్యంలో భాగమే. 'రొమ్ము మీద చేయి పెడితే పిట్ట కొట్టుకున్నట్టు కొట్టుకుంటాంది సార్' అని పసుపు తవ్వే కూలికి వెళ్లే అమ్మ చెబితే, అది పనికొచ్చే వైద్య సమాచారం. ఎప్పుడు మొదలైంది, ఒక్కసారిగానా మెల్లగానా, ఎలా ఆగింది అని అడిగితే జబ్బు సగం తేలిపోతుంది. 'నీకేం తెలుసు, పక్కన నిలబడు' అంటే తేలదు.

ఇదే అన్యాయం కాస్త పెద్ద పిల్లలకు ఇంకో రూపంలో ఎదురవుతుంది. ఎస్సీ హాస్టళ్లలో, గురుకులాల్లో పదేళ్ల పిల్ల 'గుండె దడదడ కొట్టుకుంటుంది, కళ్లు తిరుగుతున్నాయి' అంటే పరీక్ష భయమనో, ఇంటి మీద బెంగనో అంటారు. గాలి సోకిందనే వార్డెన్లూ ఉంటారు. డాక్టరు చూసే సమయానికి దడ ఆగిపోయి ఉంటుంది కాబట్టి పిల్ల అబద్ధం చెప్పినట్టవుతుంది. హాస్టళ్లలో పనిచేసే విద్యార్థి మిత్రులు ఈ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. దడ ఉన్నప్పుడే ఈసీజీ తీయించాలి. ఆగిపోయాక తీసినా పనికొస్తుంది, ఎందుకంటే డబ్ల్యూపీడబ్ల్యూ రకమైతే మామూలు సమయంలోనూ పట్టీ మీద జాడ కనిపించవచ్చు. కూర్చున్నప్పుడు వచ్చే దడ కంటే, ఆటలో పరుగెత్తుతూ స్పృహ తప్పడం ఎక్కువ ప్రమాదానికి గుర్తు. ఆ పిల్లను గుండె డాక్టరు చూసేదాకా వదలకూడదు.

కావలసినవి ఏపాటివి?

ఎస్‌వీటీ అని తేలాక చేయాల్సింది దశలవారీగా ఉంటుంది. బిడ్డ కళ్లు తెరిచి చూస్తూ, రక్తపోటు నిలకడగా ఉంటే ముందు మందు లేని పద్ధతి. ఐసు ముక్కలూ నీళ్లూ నింపిన సంచిని ముక్కు, నోరు మూయకుండా నుదురు, కళ్ల మీద పదిహేను నుంచి ముప్పై సెకన్లు ఆనిస్తారు. నీళ్లలో మునిగినప్పుడు గుండె నెమ్మదించే సహజ గుణం మనందరికీ ఉంది, దాన్ని వాడుకోవడమే ఇది. పెద్ద పిల్లలైతే సన్నని గొట్టంలోకి గట్టిగా ఊదమంటారు. కళ్లు నొక్కడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. ఇవన్నీ ఈసీజీ నడుస్తుండగా ఆసుపత్రిలో చేయాల్సినవి. ఇంట్లో ప్రయత్నిస్తూ కూర్చుంటే పోయేది సమయమే.

అది పని చేయకపోతే అడినోసిన్ ఇంజెక్షన్. ఇది జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది, ఖరీదైనదీ కాదు. కిలో బరువుకు 0.1 మిల్లీగ్రాముతో మొదలు. ఎనిమిది కిలోల బిడ్డకు 0.8 మిల్లీగ్రాము. సీసాలో రెండు మిల్లీలీటర్లకు ఆరు మిల్లీగ్రాములుంటుంది కాబట్టి, ఎక్కించాల్సింది పావు మిల్లీలీటరు కంటే కొంచెం ఎక్కువ. మందు రక్తంలో పది సెకన్లు కూడా నిలవదు. అందుకే మోచేతి దగ్గరి సిరలో రెప్పపాటులో ఎక్కించి, వెంటనే సెలైన్‌తో తోసేయాలి. నెమ్మదిగా ఎక్కిస్తే అది దారిలోనే ఆవిరైపోయినట్టు. సరిగ్గా పడితే పట్టీ మీద గుండె ఒకటి రెండు సెకన్లు ఆగినట్టు గీత సాగుతుంది, తర్వాత మామూలు లయ మొదలవుతుంది. ఆ క్షణం గురించి తల్లిదండ్రులకు ముందే చెప్పాలి, లేకపోతే బిడ్డను చంపేశారనుకుంటారు. బిడ్డ షాక్‌లోకి వెళ్లిపోతే మందుల కోసం ఆగకుండా, లయకు సరిపెట్టి కిలోకు అర నుంచి ఒక జౌల్ కరెంటు షాకు ఇవ్వాలి. పెద్దలకు వాడే వెరపామిల్ ఏడాది లోపు పిల్లలకు ప్రమాదం.

లెక్క వేద్దాం. ఈసీజీ యంత్రం, చంటిబిడ్డ ఛాతీకి అతికే చిన్న స్టిక్కర్లు (పెద్దలకు పెట్టే రబ్బరు బుడ్డీలు ఎనిమిది నెలల ఛాతీ మీద నిలవవు), సన్నని సిరలో సూది పెట్టగల నర్సు, అడినోసిన్ సీసా, డీఫిబ్రిలేటర్, పట్టీ చదివే కన్ను. వీటిలో ఏదీ మైదుకూరులోనో ప్రొద్దుటూరులోనో పెట్టలేనిది కాదు. దువ్వూరు జాతీయ రహదారి మీదే ఉంది. కడప యాభై, అరవై కిలోమీటర్లు, తిరుపతి దాదాపు 200. బిడ్డ చేతిలో ఉన్న గంటలతో పోలిస్తే మొదటి రెండు ఊళ్ల దూరం ఏమీ కాదు, తిరుపతి దూరం చాలా ఎక్కువ.

మన ప్రాంతంలో పిల్లల గుండె గురించి మాట్లాడుకునేటప్పుడు మాత్రం ఎప్పుడూ దూరపు ఆసుపత్రి గురించే మాట్లాడతాం. దానికో చరిత్ర ఉంది. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో పనిచేసి, పులివెందులలో వైద్యం చేసిన రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి అయ్యాక, పిల్లల గుండె ఆపరేషన్ల కోసం సహాయ నిధికి వచ్చిన అర్జీల నుంచే ఆరోగ్యశ్రీ ఆలోచన పెరిగింది. 2007 ఏప్రిల్‌లో పథకం మొదలైంది. పేరు మారింది, మళ్లీ మారింది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. దాని వల్ల దళిత ఇళ్లలో బతికిన పిల్లలున్నారు, ఆ మాట కాదనం. 2021లో తిరుపతిలో టీటీడీ తెరిచిన శ్రీ పద్మావతి హృదయాలయం కూడా మంచి పనే. కాకపోతే ఆ నమూనా అంతా నెల ముందు రంధ్రం కనిపెట్టి, తేదీ ఇచ్చి, రప్పించి, ఆపరేషన్ చేసే జబ్బులకు కుదిరింది. డబ్బు ఆసుపత్రిలో చేరాక, ప్యాకేజీ మీద, ఎక్కువగా కార్పొరేట్‌కు వెళ్తుంది. రాత్రి పదకొండుకు మొదలై రేపు సాయంత్రానికి ముదిరే జబ్బుకు ఆ నమూనా దగ్గర జవాబు లేదు. పైగా 2025 అక్టోబరులో వేల కోట్ల బకాయిలున్నాయంటూ ప్రైవేటు ఆసుపత్రులు ఆ సేవలను కూడా ఆపేశాయి.

పట్టీ చదివే కన్ను ప్రతి ఆసుపత్రిలో ఉండనక్కర్లేదు. రాష్ట్రంలో పెద్దల గుండెపోటుకు స్టెమీ కార్యక్రమం 2023 నుంచి నడుస్తోంది. చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీని పెద్ద ఆసుపత్రి గుండె డాక్టరుకు పంపి, ఆయన చెప్పగానే అక్కడికక్కడే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తున్నారు. అదే యంత్రం మీద, అదే ఫోను మీద పిల్లల పట్టీ పంపితే ఎందుకు కుదరదు? నలభై వేల రూపాయల ఇంజెక్షన్‌కు కుదిరిన ఏర్పాటు చౌక ఇంజెక్షన్‌కు కుదరదంటే, ఇబ్బంది సాంకేతికమని మేము నమ్మం.

ఇంజెక్షన్ తర్వాతి ఏడాది

వేగం ఆగిన రోజుతో పని అయిపోదు. పసికందుల్లో మళ్లీ మళ్లీ వస్తుంది. సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది దాకా ప్రొప్రనలాల్ వంటి మందు రోజుకు మూడు పూటలు ఇవ్వాలి. చాలామంది పిల్లల్లో మొదటి ఏడాది దాటేసరికి జబ్బు దానంతటదే సద్దుమణుగుతుంది. వినడానికి తేలికే. కానీ సిరప్ దొరక్క మాత్రను నలిపి, నీళ్లలో కలిపి, అందులో కొలిచి పోయాలి. పాలు తాగకుండా మందు మాత్రం పడితే బిడ్డ రక్తంలో చక్కెర పడిపోవచ్చు, కాబట్టి పాలతో పాటే ఇవ్వాలి. తల్లి పొద్దున ఏడుకు పత్తి చేనుకు పోతే మధ్యాహ్నం పూట ఎవరు పోస్తారు? సుగ్గికి వలస పోతే మందు చీటీ ఏ ఊళ్లో చెల్లుతుంది? 'తల్లి నిర్లక్ష్యం' అని కేసు షీటు మీద రాసేముందు ఆ కూలి రోజు ఎంతసేపో కనుక్కోవాలి. పేపర్ల మీద మందులు ఉచితమే. నెలకోసారి కడప పోయి వస్తే పోయే కూలి ఏ పద్దులోనూ ఉండదు.

పెద్దయినా తగ్గని పిల్లలకు కాలి సిర గుండా సన్నని తీగను గుండెలోకి పంపి, దొంగ తూమును వేడితో మూసేస్తారు. దాన్ని అబ్లేషన్ అంటారు. మరీ అవసరమైతే తప్ప బిడ్డ పదిహేను కిలోలు దాటేదాకా ఆగుతారు. అనుభవమున్న చోట పదిలో తొమ్మిది మందికి పైగా నయమవుతుంది. ఇది పెద్ద కేంద్రాల్లోనే జరగాలి. వేలూరుకో, హైదరాబాదుకో వెళ్లడంలో మాకు అభ్యంతరం లేదు. దానికి ఏళ్ల సమయం ఉంటుంది. మొదటి రాత్రికి లేనిది ఆ సమయమే.

డబ్బు లేదన్న మాట మాత్రం ఒప్పుకోం. ఎస్సీ సబ్ ప్లాన్ చట్టం 2013లో వచ్చింది, 2023లో ఇంకో పదేళ్లు పొడిగించారు. ఆ నిధిని అందరికీ వర్తించే పథకాల్లో ఎస్సీల వాటా అని కాగితం మీద చూపించి మాయం చేయడం ఏ ప్రభుత్వం వచ్చినా ఆగలేదు. ఎస్సీ కాలనీలు ఎక్కువగా ఆధారపడే ప్రతి పీహెచ్‌సీకి చిన్నపిల్లల ఎలక్ట్రోడ్లు, ఆశాలకు ఒక్క రోజు గుండె లెక్క శిక్షణ, మైదుకూరు స్థాయి ఆసుపత్రుల్లో అడినోసిన్ నిల్వ అనేవి ఆ చట్టం ఉద్దేశానికి అచ్చంగా సరిపోయే ఖర్చు. పులివెందుల కాలేజీ పీపీపీలోకి పోకూడదనడానికి మా కారణం కూడా ఇక్కడే ఉంది. రేపు ఆ పట్టీని చదవాల్సింది అక్కడ చదివినవాళ్లు. వాళ్లలో మాలపల్లె నుంచి, మాదిగపల్లె నుంచి వచ్చినవాళ్లు ఎందరన్నది బిడ్డను ముట్టుకునే చేతుల సంగతి కూడా.

దువ్వూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మిత్రులు రేపే చేయగల పని ఒకటుంది. మన రాష్ట్రంలో మండల స్థాయి కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు రుసుము ఐదు రూపాయలు, తెల్ల కార్డు ఉంటే అదీ లేదు. మీ పీహెచ్‌సీలో ఈసీజీ యంత్రం పని చేస్తోందా, గత ఏడాది ఐదేళ్ల లోపు పిల్లలకు ఎన్ని ఈసీజీలు తీశారు, వాటిని ఎవరు చదివారు అని అడగండి. పై ఆసుపత్రిని అడినోసిన్ ఎన్ని సీసాలున్నాయో, వాటి గడువు ఎప్పటిదాకానో అడగండి. వచ్చిన జవాబులు మాకు పంపండి, ఊరి పేరుతో సహా ప్రచురిస్తాం. ఈలోగా ఏ బిడ్డకైనా ఈసీజీ తీస్తే, ఆ పట్టీని తల్లి ఫోనులో ఫోటో తీసి పెట్టించండి. మళ్లీ వేగం వచ్చిన రాత్రి ఎవరో తెలియని డాక్టరు ముందు ఆమె నోటి మాటకు తోడుగా అదొక్కటే ఉంటుంది.